మెదడు కణాలు చనిపోతుంటే మనిషికి తెలుస్తుందా?

మెదడులో కణాలు చనిపోతున్నప్పుడు లోపల ఏమి జరుగుతుంది, నొప్పి తెలుస్తుందా అని అడిగారు. మా నాన్నగారికి పక్షవాతం వచ్చినప్పుడు పక్కనే ఉన్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను: తెలియదు. మెదడు కణజాలానికి నొప్పిని పసిగట్టే నాడులు లేవు. అసలు ప్రమాదమంతా అక్కడే ఉంది.

ఆ సాయంత్రం ఆయన చొక్కా వేసుకుంటున్నారు. కుడిచేతి వేళ్ళకు గుండీ దొరుకుతోంది గానీ కాజాలోకి వెళ్ళడం లేదు. బల్లమీది కళ్ళజోడు చూపిస్తూ "తాళం ఇవ్వు" అన్నారు. తాళం ఇస్తే విసుక్కుని మళ్ళీ "తాళం, తాళం" అన్నారు. సరిగానే అడుగుతున్నానని ఆయన నమ్మకం. చాలామందిలో మాటనూ కుడిచేతినీ నడిపేది ఎడమవైపు మెదడే. రక్తం అందనిది దానికే.

మెదడు ఒంటి బరువులో 2 శాతమే అయినా, మనం పీల్చే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం దానికే పోతుంది. నిల్వలు దాదాపు ఉండవు. రక్తం ఆగిన కొద్ది నిమిషాల్లోనే కణంలోంచి సోడియంను బయటికి తోసే పంపులు నిలిచిపోతాయి. సోడియంతో పాటు నీరు చొరబడి కణం ఉబ్బుతుంది. దాని నుంచి వెలువడిన గ్లూటమేట్ అనే సంకేత రసాయనం పక్క కణాలను అదేపనిగా రెచ్చగొడుతుంది. వాటిలోకి కాల్షియం వరదలా చేరుతుంది, సొంత ఎంజైములే వాటిని లోపలినుంచి తినేస్తాయి. పెద్ద రక్తనాళం మూసుకుపోయి చికిత్స అందకపోతే నిమిషానికి సగటున 19 లక్షల న్యూరాన్లు (నాడీకణాలు) పోతాయని 2006లో అమెరికా నరాల వైద్యుడు జెఫ్రీ సేవర్ లెక్కకట్టారు. మెదడులో 10 శాతమే వాడతామన్న అబద్ధాన్ని అందరూ చెబుతారు, ఈ లెక్క మాత్రం ఎవరికీ పట్టదు!

అయితే రక్తం అందని చోటు అంచున ఉన్న కణాలు పని మానేసినా కొన్ని గంటలు బతికే ఉంటాయి. రక్తం తిరిగి అందితే కోలుకుంటాయి. మా బాబాయి "నీరసం, కాసేపు పడుకోనివ్వండి" అన్నారు. ఎంత ప్రేమతో చెప్పినా ఇంతకంటే చెడ్డ సలహా లేదు. అమ్మ వినలేదు. ఆసుపత్రిలో డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, "చివరిసారి మామూలుగా ఎప్పుడున్నారు?" ఆరింటి వార్తలప్పుడు బాగానే మాట్లాడారని అమ్మ చెప్పగలిగింది. రక్తనాళాన్ని మూసేసిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాక ఆయనకు ఇచ్చారు. మాట తిరిగి వచ్చింది.

మూతి వంకరపోయినా, చేయి వాలిపోయినా, మాట తడబడినా తగ్గుతుందేమోనని కూర్చోకండి. నోట్లో నీళ్ళు కూడా పోయకండి, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. గడియారం చూసి టైము రాసుకుని, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే బయలుదేరండి.