ప్రెటియర్ వేసినా కోడ్ సర్దుకోకపోతే

కోడ్ రాసే ఎడిటర్ వీఎస్ కోడ్‌లో ప్రెటియర్ (కోడ్‌ను వరుసగా సర్దే ఎక్స్‌టెన్షన్) వేసినా, చిత్తూరు తోతాపురి మామిడి ధరల హెచ్‌టీఎమ్‌ఎల్ టేబుల్ సర్దుకోవట్లేదని, కాలేజీ ల్యాబ్‌లో ఉబుంటు (లినక్స్) ఉందని అడిగారు కదా. మీరు డిఫాల్ట్ ఫార్మాటర్, అంటే కోడ్ సర్దడానికి ఎప్పుడూ వాడాల్సిన టూల్, సెట్ చేసి ఉండరు. ప్రెటియర్ ఇన్‌స్టాల్ చేసి షిఫ్ట్+ఆల్ట్+ఎఫ్ నొక్కినా మీ టేబుల్ మీరు కోరినట్టు రావట్లేదంటే చాలావరకు కారణం ఇదే. హెచ్‌టీఎమ్‌ఎల్‌కు వీఎస్ కోడ్‌లోనే సొంత ఫార్మాటర్ ఒకటుంది, కాబట్టి ప్రెటియర్‌నే వాడమని మనమే చెప్పాలి.

1. ఫైల్‌లో రైట్ క్లిక్ చేసి ‘ఫార్మాట్ డాక్యుమెంట్ విత్’ తెరవండి.

2. అక్కడ కనిపించే ప్రెటియర్ మీద నొక్కేయకండి! అందరూ తప్పేది ఇక్కడే. అలా చేస్తే ఆ ఒక్కసారికే సర్దుతుంది. లిస్టు చివర్లో ‘కాన్ఫిగర్ డిఫాల్ట్ ఫార్మాటర్’ ఉంటుంది. అది నొక్కి, అప్పుడు ప్రెటియర్ ఎంచుకోండి. ఈ సెట్టింగ్ ఒక్కో భాషకు విడిగా ఉంటుంది కాబట్టి సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ ఫైళ్లలోనూ ఇదే మళ్లీ చేయాలి. విసుగే, తప్పదు.

3. కంట్రోల్+కామా నొక్కి, ‘ఫార్మాట్ ఆన్ సేవ్’ టిక్ పెట్టండి. ఆటో సేవ్ ‘ఆఫ్టర్ డిలే’లో ఉంటే దానంతటదే సేవ్ అయినప్పుడు ఫార్మాట్ కాదు, కంట్రోల్+ఎస్ మీరే నొక్కాలి.

తిరుపతి కాలేజీ ల్యాబ్‌లో ఉబుంటు అన్నారు కదా, అక్కడ షార్ట్‌కట్ వేరే: కంట్రోల్+షిఫ్ట్+ఐ.

అప్పటికీ కదలకపోతే కింద కుడివైపు ‘ప్రెటియర్’ అన్నచోట నొక్కండి. బ్రాకెట్ మూయకపోవడం లాంటి తప్పు ఉంటే, ప్రెటియర్ ఏ లైన్ దగ్గర ఆగిపోయిందో అక్కడ చూపిస్తుంది.