లైసెన్సు అక్కర్లేని ఎలక్ట్రిక్ బండి ఏది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. లైసెన్సు, రిజిస్ట్రేషన్ ఏవీ అక్కర్లేదని షాపువాళ్లు ఒక ఎలక్ట్రిక్ స్కూటీ చూపించారు. ట్యూషన్‌కి పాతపట్నం కూడా వెళ్లాలి. ఒడిశాలో చెల్లేది ఆంధ్రాలో చెల్లుతుందా?
– ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: చెల్లుతుంది. ఈ రూలు కేంద్రానిది, రాష్ట్రం దాటినంత మాత్రాన మారదు. అయితే మీకు చూపించిన బండి నిజంగా ఆ రూలులోకి వస్తుందా అన్నదే తేల్చుకోవాలి. షాపువాళ్ల మాట మీద వదిలేయకండి.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2(యు) ప్రకారం మోటారు అరగంట పాటు ఆగకుండా ఇవ్వగల శక్తి 250 వాట్ల లోపు ఉండాలి. వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదు. బ్యాటరీ తీసేశాక బండి బరువు 60 కిలోలు మించకూడదు. బ్రేకులు, ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనుక ఎర్ర రిఫ్లెక్టరు తప్పనిసరి. చాలామంది పట్టించుకోని షరతు ఇంకొకటి ఉంది. ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని గుర్తింపు పొందిన టెస్టింగ్ ఏజెన్సీ ఆ మోడల్‌ను పరీక్షించి ధ్రువీకరించాలి. పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ అలాంటి ఏజెన్సీలే. ఇవన్నీ కుదిరితేనే అది చట్టం దృష్టిలో మోటారు వాహనం కాదు. అప్పుడు లైసెన్సు, నంబరు ప్లేటు, ఇన్సూరెన్సు అడగరు.

కాబట్టి డబ్బు కట్టకముందే ఆ సర్టిఫికెట్ కాపీ అడగండి. అందులోని కంపెనీ, మోడల్, వేరియంట్ పేర్లు బిల్లులో ఉన్నవాటితో అక్షరం తేడా లేకుండా కలవాలి. ఒకే బాడీలో 250 వాట్ల మోటారుతో ఒక రకం, పెద్ద మోటారుతో ఇంకో రకం అమ్ముతుంటారు. సర్టిఫికెట్ మొదటిదానికి ఉంటుంది, చేతికొచ్చేది రెండోది. మోటారు మీద చెక్కిన వాట్లు కూడా చూసుకోండి. బండి మీద అతికించిన స్టిక్కరు లెక్కలోకి రాదు.

ఇంకో ప్రమాదం స్పీడ్ లాక్. కొన్ని కంట్రోలర్లలో (మోటారుకు కరెంటు అందించే పెట్టెల్లో) వేగాన్ని 25 దగ్గర ఆపే చిన్న వైరు జత ఉంటుంది. దాన్ని ఊడదీస్తే బండి 40 దాకా పోతుంది. అలా చేసిన క్షణం నుంచి అది మోటారు వాహనమే. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు నడుపుతూ నేరానికి పాల్పడితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 199ఏ కింద తల్లిదండ్రుల మీద గానీ బండి యజమాని మీద గానీ 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు ఉన్నాయి. ఆ పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. అందుకని బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు, చదునైన ఖాళీ రోడ్డు మీద పెద్దవాళ్లే నడిపి, ఫోనులోని జీపీఎస్‌తో వేగం చూడండి. మీటరును నమ్మొద్దు. 25 దాటుతుంటే ఆ బండి వద్దు.

హెల్మెట్ సంగతి మీరు అడగలేదు. రూలు అడగకపోయినా పెట్టించండి. పాతిక కిలోమీటర్ల వేగంలో పడినా తల రోడ్డుకే తగులుతుంది.

ప్రశ్న: నా పాత సైకిలుకు మోటారు కిట్ బిగించుకుందామనుకుంటున్నా. 250 వాట్లకూ 350 వాట్లకూ ధరలో పెద్ద తేడా లేదు. ఏది తీసుకోను?
– పాఠకుడు, గుణుపూర్

జవాబు: 250 తీసుకోండి. 350 వాట్లు బిగిస్తే రిజిస్ట్రేషన్ లేని మోటారు వాహనం నడిపినట్టే. ఇంట్లో బిగించిన దేనికీ టెస్టింగ్ ఏజెన్సీ కాగితం ఉండదన్నది కూడా తెలిసే దిగండి. పూర్తి రక్షణ కావాలంటే ధ్రువీకరించిన రెడీమేడ్ సైకిలే దారి.

ఇక బిగింపు. పాత సైకిలుకు ముందు చక్రం మోటారే తేలిక. వెనుక చక్రానికి గేర్డ్ మోటారు (లోపల గేర్లుండేది) వేస్తే ఫోర్కులో 135 మిల్లీమీటర్ల చోటు కావాలి. పాత ఫ్రేముల్లో అంత ఉండదు, బలవంతంగా వెడల్పు చేస్తే ఫ్రేము వంకరపోతుంది. ముందు 100 మిల్లీమీటర్లు చాలు, కానీ ఫోర్కు ఉక్కుదై ఉండాలి. అల్యూమినియం ఫోర్కుకు, సస్పెన్షన్ ఫోర్కుకు బిగించొద్దు.

అందరూ వదిలేసే సామాను టార్క్ ఆర్మ్. మోటారు చక్రాన్ని ముందుకు తిప్పుతుంటే ఇరుసు వెనక్కి తిరగాలని చూస్తుంది. ఆ బలానికి ఫోర్కు గాడి నోరు తెరుచుకుంటే ఇరుసు అక్కడే గిర్రున తిరిగి మోటారు వైర్లను తెంపేస్తుంది, చక్రం ఊడి మనిషి బోర్లా పడతాడు. టార్క్ ఆర్మ్ ఇరుసు చదును భాగాన్ని పట్టుకుని ఆ బలాన్ని ఫోర్కు కాడ మీదికి మళ్లిస్తుంది. నట్లు బిగించాక మొదటి యాభై కిలోమీటర్లలోపు మరోసారి బిగించండి. ఇరుసులోంచి వచ్చే వైరు కిందికి వంగి, ఆ తర్వాతే పైకి వెళ్లాలి. లేదంటే వాన నీళ్లు వైరు వెంట మోటారులోకి దిగుతాయి.

మీది రాడ్ బ్రేకుల సైకిలైతే ముందుగా వాటిని మార్చి కేబుల్ బ్రేకులు వేయించండి. బ్రేకు పట్టగానే మోటారును ఆపే కటాఫ్ లివర్లు కేబుల్ బ్రేకులకే కుదురుతాయి. అవి లేకుండా నడపొద్దు.

36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 360 వాట్ అవర్లు ఉంటాయి. తొక్కకుండా థ్రాటిల్ మీదే పోతే కిలోమీటరుకు 12 నుంచి 15 ఖర్చవుతాయి, అంటే పాతిక ముప్పై కిలోమీటర్లు. మీరూ తొక్కుతుంటే నలభై దాటుతుంది.

ప్రశ్న: కోరాపుట్–సాలూరు ఘాట్ ఎక్కడానికి చక్రం మధ్యలో ఉండే హబ్ మోటారు మంచిదా, పెడల్ దగ్గర ఉండే మోటారు మంచిదా?
– పాఠకుడు, కోరాపుట్

జవాబు: ఘాట్ కోసమే అయితే పెడల్ దగ్గరిది, అంటే మిడ్ డ్రైవ్. సైకిలు, మనిషి కలిపి 100 కిలోలనుకుంటే, ఆరు శాతం ఎత్తు మీద గంటకు 15 కిలోమీటర్ల వేగానికి దాదాపు 290 వాట్లు కావాలి. మీరు వంద వాట్లు తొక్కితే 250 వాట్ల మోటారు సుఖంగా లాగుతుంది. తొక్కడం ఆపితే వేగం పడిపోతుంది. వేగం పడిపోయిన హబ్ మోటారు తీసుకున్న కరెంటులో ఎక్కువ భాగాన్ని వేడిగా మారుస్తుంది. అలా చాలాసేపు లాగితే లోపలి నైలాన్ గేర్లు మెత్తబడతాయి, వైండింగ్ కాలుతుంది. మిడ్ డ్రైవ్ సైకిలు గేర్లను వాడుకుంటుంది కాబట్టి చక్రం నెమ్మదించినా మోటారు దాని వేగంలోనే తిరుగుతుంది. బదులుగా చైను త్వరగా అరుగుతుంది. ఎత్తు మొదలవకముందే గేరు తగ్గించండి, మార్చేటప్పుడు పెడల్ మీద బలం తీయండి.

బ్యాటరీకి ఒక లెక్క: 100 కిలోల బరువును 100 మీటర్లు ఎక్కించడానికి 27 వాట్ అవర్లు, నష్టాలు కలిపితే సుమారు 36. కోరాపుట్ సముద్రమట్టానికి 850 మీటర్ల పైనే ఉంది, ఆ ఎత్తుకే బ్యాటరీలో చాలా భాగం పోతుంది, కాబట్టి సాలూరు నుంచి తిరిగి ఎక్కేటప్పుడు 360 వాట్ అవర్ల బ్యాటరీ మీద ఆశ పెట్టుకోవద్దు. దిగేటప్పుడు బ్రేకు నొక్కిపట్టి ఉంచకండి. గట్టిగా పట్టి వేగం తగ్గించి వదలండి, ముందూ వెనుకా మార్చి మార్చి వాడండి.

ప్రశ్న: విశాఖలో 70 కిలోమీటర్ల వేగం పోయే స్కూటరు కొంటున్నా. ఆంధ్రా నంబరుతో ఇక్కడ తిప్పుకోవచ్చా?
– పాఠకుడు, రాయగడ

జవాబు: వద్దు. బండి ఉండేది రాయగడలో కాబట్టి రిజిస్ట్రేషన్ ఒడిశాలోనే జరగాలి. డీలరు దగ్గర తాత్కాలిక రిజిస్ట్రేషన్, ఫారం 21 అమ్మకపు పత్రం, బండి రోడ్డుకు పనికొస్తుందని కంపెనీ ఇచ్చే ఫారం 22, ఇన్సూరెన్సు తీసుకుని, రిజిస్ట్రేషన్ దరఖాస్తు ఫారం 20తో మీ ఆర్టీఓలో ఓడీ–18 నంబరు వేయించుకోండి. సొంత బండికి ఆకుపచ్చ ప్లేటు మీద తెల్ల అక్షరాలు ఉంటాయి. లైసెన్సు, హెల్మెట్ తప్పవు. పొల్యూషన్ సర్టిఫికెట్ అక్కర్లేదు. బ్యాటరీ బండ్లకు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ రుసుమును కేంద్రం 2021 ఆగస్టులో ఎత్తేసింది, బిల్లులో ఆ పేరుతో డబ్బు వేస్తే అడగండి.

ప్రశ్న: పాత స్కూటీ చార్జరు కొత్త సైకిలుకు వాడొచ్చా? రెండూ 48 వోల్టులే.
– పాఠకురాలు, బరంపురం

జవాబు: వాడకూడదు. 48 వోల్టుల లిథియం బ్యాటరీ మామూలుగా 54.6 వోల్టుల దగ్గర నిండుతుంది. పాత స్కూటీల్లో మామూలుగా ఉండే లెడ్ యాసిడ్ బ్యాటరీల చార్జరు 58, 59 దాకా నెట్టుతుంది. లోపలి రక్షణ సర్క్యూటు ఆపకపోతే సెల్స్ ఉబ్బి మంటలంటుకుంటాయి. చార్జరు మీద అవుట్‌పుట్ అంకె చూసి, బ్యాటరీతో వచ్చినదే వాడండి. ఎండలో నడిపి వచ్చాక అరగంట చల్లారనిచ్చి ప్లగ్ పెట్టండి. ఇంటికి ఒకే గుమ్మం ఉంటే దాని దగ్గర మాత్రం చార్జింగ్ పెట్టొద్దు.