బాత్రూంలో కడ్డీ ఊడి అమ్మ పడిపోయింది... రెండేళ్లు కావస్తోంది, ఇప్పుడు కేసు వేయవచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. నాన్న పోయాక మా దగ్గరికి రమ్మంటే రానంది, సొంతింట్లోనే ఉంటానంది. అందుకని కమోడ్ పక్కన, మంచం దగ్గర, వరండా మెట్ల దగ్గర పట్టుకోవడానికి స్టీల్ కడ్డీలు పెట్టించాను. ఒక కాంట్రాక్టర్ సామాను తనే తెచ్చి, మొత్తం పని ఒప్పుకుని చేశాడు. అయిదు నెలలకే అమ్మ కమోడ్ మీది నుంచి లేస్తుంటే కడ్డీ గోడ నుంచి ఊడి వచ్చేసింది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. ఇప్పటికీ వాకర్ లేకుండా నడవలేదు. వచ్చే నెల 18కి ఇది జరిగి రెండేళ్లు.

కాంట్రాక్టర్‌ని అడిగితే, "కడ్డీ ఆసరాకే సార్, బరువంతా దాని మీద వేస్తే ఎలా?" అంటున్నాడు. బిల్లు ఇవ్వలేదు, డబ్బు ఫోన్‌లో పంపాను. ఊడిన కడ్డీ పాత ఇనుప సామానుకు వేసేశాం. గోడకు వేరే మేస్త్రీతో కొత్త టైల్స్ వేయించాం. మిగతా కడ్డీలు కూడా ఈ వారం తీయించేద్దామనుకుంటున్నాను. అమ్మను ఒంటరిగా వదిలేశానని బంధువులంతా నన్నే తప్పు పడుతున్నారు. ఆ టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర ఉండటం లేదు. పాత తేదీతో బిల్లు సంపాదించి పోలీసు కేసు పెడితే దారికొస్తాడని తెలిసినాయన ఒకరు అంటున్నారు. లాయర్ నోటీసు పంపితే గడువు ఆగుతుందని ఇంకొకరు చెప్పారు. పని జరిగే ముందు "మా అమ్మ దీన్ని పట్టుకునే లేవాలి" అని నేను వాట్సాప్‌లో వాయిస్ పెడితే "ఏనుగు వేలాడినా ఊడదు సార్" అని అతను జవాబు పెట్టాడు. అది పాత ఫోన్‌లో ఉండాలి. మాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: ముందు ఆ మిగతా కడ్డీలు తీయించే పని ఆపండి. ఎందుకో కింద చెబుతాను. అమ్మగారు పొరపాటున కూడా వాటిని పట్టుకోకుండా ఈరోజే గుడ్డ చుట్టి కట్టేయండి, ఆమెకు వేరే ఆసరా చూడండి.

బంధువుల మాటలు ఇలాంటి కేసులు విచారించే వినియోగదారుల కమిషన్ ముందు పనికిరావు. వాటికి నేను జవాబు చెప్పను. అమ్మగారు ఒంటరిగా ఉంటున్నారన్నది కాంట్రాక్టర్‌ని కాపాడే వాదన కూడా కాదు. ఒంటరిగా ఉంటారనే కదా ఆ కడ్డీలు పెట్టించింది. మీ కేసు తేలేది ఒకే ప్రశ్న మీద: ఆ కడ్డీ ఎందుకోసమో బిగించినవాడికి ముందే తెలుసా, లేదా?

తువ్వాలు ఆరేసుకునే కడ్డీ మీద మనిషి బరువు మోపితే ఊడిందంటే తప్పు మోపినవారిది. పెద్దావిడ పట్టుకుని లేవడానికే అని చెప్పి చేయించుకున్న కడ్డీ ఊడితే తప్పు బిగించినవాడిది. 1930 నాటి వస్తువుల విక్రయ చట్టం సెక్షన్ 16 ఇదే చెబుతుంది. కొనేవారు తమ అవసరం ఫలానా అని తెలియజేసి, ఆ వ్యాపారంలో ఉన్నవాడి నైపుణ్యాన్ని నమ్మి తీసుకుంటే, ఆ వస్తువు ఆ అవసరానికి తగి ఉండాలన్న షరతు కాగితం మీద రాసుకోకపోయినా ఉన్నట్టే. బిగించిన తీరు సరిగా లేదన్నది 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపం. రోజుకూలీకి పిలిచిన మనిషి అయితే అతను వాదించుకోవడానికి కొంత చోటుండేది. సామాను తనే తెచ్చి మొత్తం పని ఒప్పుకున్నాడు కాబట్టి అదీ లేదు.

అంటే, ఉత్తరం చివర రెండు ముక్కల్లో చెప్పి వదిలేసిన ఆ వాయిస్ మెసేజే మీ కేసు. అమ్మగారు దాన్ని పట్టుకునే లేవాలని మీరు చెప్పారు, ఊడదని అతను భరోసా ఇచ్చాడు. "ఆసరాకే" అన్న ఇప్పటి మాట దాని ముందు నిలబడదు. అలాంటిది "పాత ఫోన్‌లో ఉండాలి" అంటారేమిటి? ఉందో లేదో ఈ రెండేళ్లలో ఒక్కసారి తెరిచి చూడలేదా? ఈ రాత్రే ఆ ఫోన్ చార్జింగ్ పెట్టండి. రీసెట్ చేయకండి, ఎవరికీ ఇవ్వకండి, అమ్మకండి. ఆ మెసేజ్‌ను ఇంకో ఫోన్‌కు ఫార్వర్డ్ చేసుకుని అసలుది చెరిపేయడం అస్సలు వద్దు. అతని నంబరు, తేదీ, సమయం కనబడేలా స్క్రీన్ ఫోటోలు తీసుకోండి, ఆ సంభాషణ మొత్తాన్ని ఆడియోతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. వినియోగదారుల కమిషన్‌లో సాక్ష్యం నియమాలు సివిల్ కోర్టులో ఉన్నంత బిగువుగా ఉండవు. అయినా అవతలి లాయర్ మొదట పట్టుకునేది దీన్నే, కాబట్టి సిద్ధంగా ఉండండి.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం, అంటే కేసు వేసే హక్కు, పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు కావాలి. ఆ కారణం అమ్మగారు పడిన రోజు పుట్టిందని మనం అంటాం. కడ్డీ బిగించిన రోజే పుట్టిందని అతను అంటాడు. అతని లెక్క ఒప్పుకుంటే మీ గడువు దాటి ఇప్పటికే నాలుగు నెలలు. మన వాదనకే బలం ఎక్కువ. పైకి కనబడని లోపం ఎవరినీ గాయపరచనంత కాలం మీకు అడగడానికి ఏముంది? సివిల్ దావాల విషయంలో, నష్టం జరిగితే గానీ హక్కు పుట్టని సందర్భాల్లో నష్టం జరిగిన రోజు నుంచే కాలం లెక్కించాలని 1963 కాలపరిమితి చట్టం సెక్షన్ 23 చెబుతోంది. అయినా నేనైతే ఒక్క వాదన మీదే కూర్చోను. ఫిర్యాదుతో పాటే, ఒకవేళ ఆలస్యం ఉందని కమిషన్ భావిస్తే మన్నించమని ఒక పిటిషన్, దానికి అఫిడవిట్ జతచేస్తాను. ఆపరేషన్, ఆ తర్వాత ఫిజియోథెరపీ తేదీలన్నీ అందులోకి వస్తాయి. కారణం సరైనదనిపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం అదే సెక్షన్ కమిషన్‌కు ఇచ్చింది. మన్నించి తీరాలని మాత్రం చెప్పలేదు.

లాయర్ నోటీసు పంపితే గడువు ఆగుతుందన్నది పచ్చి అబద్ధం. ఎంతమంది ఈ మాట నమ్మి కేసులు పోగొట్టుకున్నారో! నోటీసు ఇచ్చినా, వాట్సాప్‌లో వాదులాడుకున్నా, "చూద్దాం సార్" అని అతను నాన్చినా కాలం నడుస్తూనే ఉంటుంది. వినియోగదారుల ఫిర్యాదుకు ముందు నోటీసు ఇచ్చి తీరాలన్న నియమం కూడా లేదు. 18వ తేదీ దాకా ఆగకండి. ఈ నెలలోనే దాఖలు చేయండి.

పాత తేదీ బిల్లు మాటకొస్తే, అది చెప్పినాయన మీకు హితుడు కాదు. జిల్లా కమిషన్ ముందు జరిగేది చట్టం దృష్టిలో న్యాయ విచారణే. అక్కడ దొంగ కాగితం పెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా జైలు ఉంది. ఆ బిల్లు నంబరు ఏ తేదీ వరుసలో ఉందో చూసేసరికే బండారం బయటపడుతుంది. ఆ తర్వాత మీ వాయిస్ మెసేజ్ నిజమైనదన్నా ఎవరూ నమ్మరు. అసలు ఆ బిల్లు మీకు అవసరమే లేదు! ఫోన్‌లో డబ్బు పంపిన రోజు మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో అతని పేరుతో నమోదై ఉంటుంది. ఆ పేజీ బ్యాంకు ముద్రతో తెచ్చుకోండి, చాలు. డబ్బు రాబట్టడానికి పోలీసు కేసుతో బెదిరించాలనే ఆలోచన కూడా మానండి. నాసిరకం పని చేయడం, మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉండటం ఒకటి కాదు. చీటింగ్ కేసు నిలవకపోతే, డబ్బు కోసం వేధించారని అతను దాన్నే మీ మీదికి తిప్పుతాడు.

గోడ దగ్గరికి వద్దాం. ఊడిన కడ్డీ అమ్మేశారు, రంధ్రాలున్న గోడను టైల్స్‌తో మూసేశారు. అమ్మగారు ఆసుపత్రిలో ఉండగా గోడకు నాలుగు ఫోటోలు తీయాలని ఇంట్లో ఎవరికీ తోచలేదంటే అది అజాగ్రత్తే, మరోమాట లేదు. పోయింది తిరిగి రాదు. మిగిలినవి చూసుకోండి. అదే మనిషి, అదే సామానుతో, అదే పనిలో బిగించిన మిగతా కడ్డీలు ఇంకా గోడలకే ఉన్నాయి. అవే మీ సాక్ష్యం, అందుకే మొదట్లోనే ఆపమన్నాను. ఫిర్యాదుతో పాటు వాటిని నిపుణుడితో పరీక్ష చేయించమని కమిషన్‌ను అడగండి. స్క్రూ ఎంత లోతు దిగింది, ఇటుక దాకా వెళ్లిందా లేక టైల్, ప్లాస్టరింగ్ దగ్గరే ఆగిందా, ప్లాస్టిక్ ప్లగ్ స్క్రూకు తగినదేనా అన్నది విప్పితే తెలిసిపోతుంది. విప్పడం కాంట్రాక్టర్‌కు కబురు చేసి, అతని ఎదుటే జరగాలి. మీరే విప్పేసి ఫోటోలు తెస్తే, మీరే వదులు చేశారంటాడు. నిపుణుడు దేనితో పోల్చాలంటే, 2016 జాతీయ భవన నియమావళిలో వృద్ధుల, వికలాంగుల సౌకర్యాల కోసం ప్రత్యేక అనుబంధమే ఉంది.

కొత్త టైల్స్ వేసిన మేస్త్రీని వెతకండి. పాత రంధ్రాలను చివరిసారి చూసింది అతనే. తను చూసినది ఉన్నదున్నట్టు అఫిడవిట్‌లో చెబితే చాలు. అమ్మగారు పడినప్పుడు మొదట ఎవరు వచ్చి లేపారు? వారి అఫిడవిట్ కావాలి. వారి ఫోన్‌లో ఆరోజు ఫోటో ఏదైనా ఉందేమో కూడా అడగండి.

అన్నిటికన్నా ముఖ్యం అమ్మగారి అఫిడవిట్. ఆ క్షణం చూసింది ఆమె ఒక్కరే. ఏ చేత్తో పట్టుకున్నారు, కడ్డీ ఏ చివర ముందు ఊడింది, పైచివరా కిందిదా, నేల తడిగా ఉందా, ఊడిన కడ్డీ చేతిలోనే ఉండిపోయిందా, ఇవన్నీ ఆమె మాటల్లోనే రావాలి. మీరు పక్కన కూర్చుని అందించకండి. గుర్తులేనిది గుర్తులేదనే రాయాలి. నడవలేకపోతే నోటరీని ఇంటికే పిలిపించవచ్చు. ఆమె వయసు దృష్ట్యా ఈ ఒక్క పని వాయిదా వేయవద్దు.

ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే తెచ్చుకుని ఊరుకునేవారు ఎక్కువ. మీరు కేస్ షీట్ మొత్తం, చేర్చుకున్నప్పుడు రాసుకున్న మొదటి నోట్స్‌తో సహా, రాతపూర్వకంగా అడగండి. 2002 నాటి వైద్య వృత్తి నియమాల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. ఆ రికార్డులను చికిత్స మొదలైనప్పటి నుంచి మూడేళ్లే భద్రపరచమని అవే నియమాలు చెబుతున్నాయి, మీకు అందులో రెండేళ్లు అయిపోవచ్చాయి. "బాత్రూంలో పడ్డారు" అని ఉంటే ఇబ్బంది లేదు. "తడి నేల మీద జారారు" అని ఉంటే ఆ మాట ఎవరు చెప్పారో అఫిడవిట్‌లో వివరణ ఇవ్వాలి. అంతేగానీ డాక్టర్‌ని మార్చి రాయమని అడగకండి.

ఫిర్యాదు మీరు, అమ్మగారు కలిసి వేయండి. పని చేయించుకున్నది మీరు, ఆ సేవ అందుకున్నది ఆమె. అలాంటి లబ్ధిదారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారే. అమ్మగారు ఉండే జిల్లాలోనే వేయవచ్చు, కాంట్రాక్టర్ ఊరికి వెళ్లనక్కర్లేదు. జిల్లా కమిషన్ పరిధి మీరు చెల్లించిన మొత్తాన్ని బట్టి ఉంటుంది, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. చెల్లించింది 5 లక్షల లోపయితే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో దాఖలు చేసుకోవచ్చు. లాయర్ ఖర్చు భారమనుకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అమ్మగారి పేరుతో దరఖాస్తు పెట్టండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ఆపరేషన్, మందులు, ఫిజియోథెరపీ, మనిషిని పెట్టుకున్న ఖర్చు బిల్లులన్నీ తేదీల వరుసలో పెట్టండి. ఆరోగ్య బీమా ఏమైనా చెల్లించి ఉంటే అది దాచకుండా చెప్పండి.

నోటీసు అందాక జవాబివ్వడానికి కాంట్రాక్టర్‌కు 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే మరో 15 రోజులు ఉంటాయి. ఆలోగా రాజీకి రావచ్చు. వస్తే కాదనకండి, మధ్యవర్తిత్వానికి కమిషనే పంపగలదు. కడ్డీల డబ్బు వెనక్కి ఇచ్చేసి "ఇక ఏ బాకీ లేదు" అన్న కాగితం మీద సంతకం అడిగితే మాత్రం పెట్టకండి. అమ్మగారి తుంటి ఎముక లెక్క కూడా దాంతోనే మూసేసినట్టవుతుంది.