పాఠకుల ప్రశ్నలు: మూడేళ్లు మూసిన తీరం

ప్రశ్న: ఫిజీ దీవుల్లో ఒక ఊరివాళ్లు తమ తీరంలో కొంత భాగాన్ని మూడేళ్లు మూసివేసి, తరిగిపోయిన సంపదను మళ్లీ పెంచుకున్నారని విన్నాను. నిజమేనా? మా చెరువులోనూ, సోమశిల దగ్గర కృష్ణలోనూ చేపలు తగ్గుతున్నాయి. ఆ పద్ధతి మాకు పనికొస్తుందా?
– మత్స్య సహకార సంఘం సభ్యుడు, కొల్లాపూర్ ప్రాంతం

జవాబు: నిజమే. ఆ ఊరు ఉదునివనువా. సముద్రం వెనక్కి తీసినప్పుడు బయటపడే బురదనేలల్లో అక్కడి ఆడవాళ్లు కైకోసో అనే గుల్లలను ఏరి, కొన్ని వండుకుని, మిగిలినవి అమ్ముకుంటారు. అవి అరుదైపోవడంతో 1997లో ఊరు కూర్చుని, 24 హెక్టార్ల మేర మూడేళ్లపాటు ఎవరూ చెయ్యి పెట్టరాదని కట్టడి చేసింది. దీన్ని వాళ్లు 'తంబు' అంటారు. పెద్దమనిషి చనిపోతే తీరంలో కొంత భాగాన్ని కొన్నాళ్లు మూసి ఉంచే ఆచారం అక్కడ పూర్వం నుంచీ ఉన్నదే. గుల్లలను లెక్కించే పద్ధతిని సౌత్ పసిఫిక్ విశ్వవిద్యాలయం వారు నేర్పారు గాని, లెక్క పట్టింది ఊరివాళ్లే. మూసిన చోటనే కాక, గుల్లల పిల్లలు నీటివాలున కొట్టుకుపోయి పక్కన నిలదొక్కుకున్నందువల్ల, బయటి నేలల్లోనూ గుల్లలు పెరిగాయి.

ఇది ఫలించడానికి రెండు కారణాలున్నాయి. గుల్ల పెద్దయ్యాక ఉన్నచోటు వదలదు. రెండోది, నా దృష్టిలో పెద్దది: ఫిజీలో సముద్రపు నేల ప్రభుత్వానిదే అయినా, తీరజలాల్లో వేట హక్కు వంశాలవారీగా నమోదై ఉంటుంది కాబట్టి, మూసిన వాళ్లే రేపటి పంటకు హక్కుదారులు. తమదని తెలిసిన నీటికి కావలి కాయడానికి ఎవరినీ బతిమాలనక్కర లేదు.

మీ చెరువు సంగతి వేరు. బొచ్చె, రవ్వ వంటి పెద్ద చేపలు నిలవనీటిలో గుడ్లు పెట్టవు. వానాకాలంలో వదిలే పిల్లలే వేసవిలో మీ వలలో పడేవి. కనుక చెరువును ఏళ్ల తరబడి మూసినా వాటి సంఖ్య పెరగదు, ఉన్నవాటి బరువే పెరుగుతుంది. కొర్రమేను మాత్రం చెరువు ఒడ్డున, నాచు, తుంగ ఉన్న చోట గుడ్లు పెట్టి, పిల్లలను తల్లిదండ్రులే కాచుకుంటాయి; ఆ సమయంలో పెద్దదాన్ని పడితే పిల్లల గుంపు మొత్తం దిక్కులేనిదవుతుంది. వానాకాలంలో ఆ ఒడ్డునొక్కదాన్ని వదిలేయడం మీ సంఘం ఒక్క తీర్మానంతో చేయగల పని.

సోమశిల దగ్గర కృష్ణ మాత్రం మీ చెరువులా ఒక్క ఊరిది కాదు, సముద్రంలా తెరిచి ఉన్న నీరు. శ్రీశైలం వెనుకజలాలకు ఒక ఒడ్డు మనది, ఒక ఒడ్డు ఆంధ్రప్రదేశ్‌ది. వేటకు వచ్చేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు, అలివి వలలతో వేలెడంత పిల్లలను కూడా ఊడ్చుకుపోతారు. అక్కడ ఒక్క ఊరు నీటిని మూస్తే, ఆ ఊరివాళ్లు మాత్రమే పస్తులుంటారు. అందుకని నేనైతే మూసివేతతో మొదలుపెట్టను. ముందు వల కన్ను సైజు మీద రెండు ఒడ్డుల సంఘాలు ఒక మాట మీదికి రావాలి, ఆ తర్వాతే ఫలానా మడుగు వదిలేద్దామనే మాటకు విలువ ఉంటుంది.

ప్రశ్న: చుట్టూ ఉప్పునీరే ఉన్న చిన్న దీవుల్లో తాగునీళ్లు ఎక్కడివి?
– మునుగోడు పాఠకురాలు

జవాబు: లక్షద్వీప్ వంటి పగడపు దీవుల్లో వాననీరు ఇసుకలోకి ఇంకి, ఉప్పునీటికన్నా తేలిక కనుక దాని మీద పలుచని పొరలా తేలుతుంది. లెక్క ప్రకారం మంచినీటి మట్టం ఒక మీటరు తగ్గితే, అడుగున ఉప్పునీరు దాదాపు 40 మీటర్లు పైకి వస్తుంది. అందుకే అక్కడ బొక్కెనతో చేదిన బావి తీయగానే ఉంటుంది, మోటారు పెట్టి లాగితే ఉప్పెక్కుతుంది. లోతుకు పోయినకొద్దీ నీళ్లు చెడడం మీ వైపు ఫ్లోరైడ్ బోర్ల దగ్గర చూసినవారికి కొత్త కాదు. లక్షద్వీప్ రాజధాని కవరత్తిలో 2005లో, సముద్రపు పైనీటిని తక్కువ పీడనంలో ఆవిరి చేసి, ఆ ఆవిరిని లోతునుంచి తెచ్చిన చల్లటి నీటితో చల్లార్చి మంచినీరుగా మార్చే కర్మాగారం పెట్టారు. దాని సామర్థ్యం రోజుకు లక్ష లీటర్లు.