ల్యాబ్‌లో డబ్ల్యూఎస్‌యూఎస్ ఆప్షనల్ సెట్టింగ్స్ డిఫాల్ట్‌లో వదిలేయొచ్చా?

కాలేజీ ల్యాబ్‌కి విండోస్ అప్‌డేట్ సర్వర్ (డబ్ల్యూఎస్‌యూఎస్, అంటే అప్‌డేట్లు ఒకచోట దించుకుని ల్యాబ్ సిస్టమ్స్‌కి పంచేది) పెడుతున్నాం, ఆప్షనల్ సెట్టింగ్స్ ముట్టుకోకుండా వదిలేస్తే నడుస్తుందా అని అడిగారు. నడుస్తుంది. కాకపోతే మీ టైమ్‌టేబుల్ దానికి తెలియదు.

హనుమకొండలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్ నేను చూసుకుంటాను. మా సర్వర్ సెట్ చేసింది హైదరాబాద్ నుంచి వచ్చిన ఏజెన్సీ కుర్రాడు. మధ్యాహ్నానికల్లా పని ముగించి, "అన్నీ టిక్ పెట్టిన అన్నా, ఇగ మీరేం చూసుకునేది లేదు" అని కాజీపేటలో రైలెక్కాడు. అన్నీ అంటే నిజంగానే అన్నీ. డ్రైవర్లు, ఎక్స్‌ప్రెస్ ఇన్‌స్టలేషన్ ఫైల్స్, మా దగ్గర ఎవరూ చదవని జపనీస్, పోర్చుగీసు. ఎక్స్‌ప్రెస్ ఫైల్స్‌తో క్లయింట్ సిస్టమ్‌కి డౌన్‌లోడ్ తగ్గుతుంది, ఆ బరువంతా సర్వర్ డిస్క్ మీద పడుతుంది. డిస్క్ నిండుతోందంటే మేనేజ్‌మెంట్ "ఇప్పుడే కదా కొన్నాం" అంటుంది. యూపీఎస్ బ్యాటరీలు అడిగినా ఇదే జవాబు.

అసలు దెబ్బ డెడ్‌లైన్ దగ్గర తగిలింది. అప్‌డేట్‌ని అప్రూవ్ చేసేటప్పుడు, అంటే సిస్టమ్స్‌లో వేయడానికి అనుమతిచ్చేటప్పుడు, ఫలానా రోజులోగా పడాలని డెడ్‌లైన్ పెట్టడం తప్పనిసరి కాదు, కానీ అతను ఆదివారానికి పెట్టాడు. ఆదివారం ల్యాబ్‌కి తాళం. సోమవారం ప్రాక్టికల్స్, ఎక్స్‌టర్నల్ వచ్చి కూర్చున్నారు. సిస్టమ్స్ ఆన్ చేశాక గడువు దాటిందని అన్నీ ఒక్కసారే ఇన్‌స్టాల్ మొదలుపెట్టాయి. పిల్లలు ప్రోగ్రామ్ సగం టైప్ చేసేసరికి వరసగా రీస్టార్ట్. ముందు బెంచీలో ఒకమ్మాయి "సార్, నేనేం ముట్టలే" అని ఏడుపు. ఎక్స్‌టర్నల్ మంచి మనిషి కాబట్టి అరగంట ఎక్కువిచ్చారు.

ఎవరైనా లాగిన్ అయి ఉంటే రీస్టార్ట్ చేయొద్దనే పాలసీ మా దగ్గర ఉంది కూడా. గడువు దాటిన అప్‌డేట్ దాన్ని లెక్కచేయదు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే "షెడ్యూల్ తెల్లవారుజామున మూడింటికే ఉంది కద సార్" అన్నారు. మేం సాయంత్రం ఐదున్నరకే మెయిన్ ఆపేస్తాం. మూడింటికి వాచ్‌మన్ తప్ప ఎవరుంటారు? వీళ్లకి రాత్రంతా సిస్టమ్స్ నడిచే ఆఫీసులే తెలుసు. ల్యాబ్ ఎప్పుడు తెరుస్తారో అడగడానికి ఒక్క నిమిషం పట్టదు, అయినా ఒక్కరూ అడగరు. బిల్లు మాత్రం టైముకి వస్తుంది.

ఇప్పుడు మా దగ్గర క్లాసిఫికేషన్స్‌లో, అంటే అప్‌డేట్ రకాల్లో, క్రిటికల్, సెక్యూరిటీ మాత్రమే. డ్రైవర్లు తీసేశాను, భాష ఇంగ్లిష్ ఒక్కటే, అప్రూవ్ చేశాకే ఫైళ్లు దిగుతాయి. షెడ్యూల్ శనివారం మధ్యాహ్నం. ముందు నాలుగు పాత సిస్టమ్స్‌ని వేరే గ్రూపులో పెట్టి వాటికి వేసి చూస్తాను, ఆ తర్వాతే మిగతావాటికి. పెద్ద అప్‌డేట్లుంటే మేడారం జాతర సెలవులకు మించిన అదను లేదు, నెట్ మొత్తం మనదే. డెడ్‌లైన్ జోలికి మాత్రం పోను.

2024 సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్ట్ డబ్ల్యూఎస్‌యూఎస్‌కి ఇక కొత్త ఫీచర్లు ఉండవని చెప్పింది కదా, క్లౌడ్‌కి మారిపొమ్మని కొందరంటారు. గాలివాన వస్తే పోయే లైను పెట్టుకుని క్లౌడ్ ఏంటండీ? ఉన్నది పనిచేస్తోంది.

ఇంకొకటి, మీ ల్యాబ్‌లో డీప్ ఫ్రీజ్ (రీస్టార్ట్ చేయగానే సిస్టమ్‌ని పాత స్థితికి తెచ్చే సాఫ్ట్‌వేర్) ఉంటే దాని మెయింటెనెన్స్ టైమ్‌నీ ఈ షెడ్యూల్‌నీ ఒకే సమయానికి పెట్టండి. లేకపోతే వేసిన అప్‌డేట్ రీస్టార్ట్‌తో పోతుంది, మళ్లీ దిగుతుంది.