వానల్లేక మేత అయిపోతుంటే పశువుల్ని ఇప్పుడే అమ్మేయాలా, ఆగాలా?

ఎనిమిది పశువులున్నాయి, వాములో గడ్డి తరిగిపోతోంది, వాన జాడ లేదు, ఇంట్లో సగంమంది అమ్మేద్దాం అంటుంటే సగంమంది ఇంకో నెల చూద్దాం అంటున్నారు, ఇదే కదండీ మీరడిగింది. మా ఇంట్లో కూడా నాన్నకీ నాకూ అచ్చం ఇదే వాదన నడిచింది, అందుకే ఇంత రాస్తున్నా. నేను చెప్పేది ఒక్కటేనండి, కొన్నిటిని ఇప్పుడే, ఒంటిమీద కండ ఉన్నప్పుడే అమ్మేయండి, అన్నిటినీ మాత్రం అమ్మొద్దు. ఎన్ని అమ్మాలో మబ్బుల్ని చూసి కాదు, వాముని చూసి తేల్చుకోండి.

ఎలా అంటే, పశువు రోజుకి తన బరువులో సుమారు రెండున్నర శాతం ఎండుమేత తింటుంది, పాలిచ్చేదైతే 3 శాతం లేదా ఇంకాస్త ఎక్కువే. 400 కిలోల ఆవుకి 10 కిలోలు అనుకోండి, ఎనిమిదింటికి 80, తొక్కి పారేసేది కలిపితే 90 కిలోలు. మీ వాములో 5 టన్నులుంటే రెండు నెలలు కూడా రాదు. పచ్చిమేత ఉంది కదా అనుకుంటారేమో, అందులో ముప్పాతిక పైన నీళ్ళే, 50 కిలోల పచ్చిగడ్డి వేస్తే 10 కిలోల ఎండుమేతతో సమానం అంతే. ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు, రేపే వాన పడినా ఎల్లుండికి మేత రాదు కదండీ, గడ్డి లేచి పశువు నోటికి అందాలంటే నెలా నెలన్నర పడుతుంది, లేత మొలక మీద తోలితే వేళ్ళతో సహా పోతుంది. కాబట్టి వాన వస్తుందనుకున్న రోజుకి ఇంకో నెలన్నర కలిపి అప్పటిదాకా గడ్డి సరిపోతుందా లేదా చూడండి. చాలకపోతే ఎన్ని తలలు తగ్గితే చాలుతుందో అన్ని అమ్మాలి. నీళ్ళ లెక్క కూడా చూసుకోండి, ఎండల్లో పెద్ద పశువు రోజుకి 60, 70 లీటర్లు తాగేస్తుంది.

ఇక ఏవి అమ్మాలి అన్నదగ్గరే మా ఇంట్లో కష్టమైంది. నాన్నకి ముసలి ఆవు మీద మమకారం, చిన్నప్పట్నుంచీ ఇంట్లో పెరిగింది మరి, పెయ్యల్ని అమ్మేసి దాన్ని ఉంచుదాం అన్నారు. ఆ బాధ నాకూ తెలుసు, కానీ పళ్ళు అరిగిపోయిన పశువు ఎండుచొప్ప నమల్లేదు, మేత తక్కువైతే ముందు కూలబడేది అదే. చివరికి పాలు ఆగిపోయి చూడి కట్టనివి, అంటే కడుపుతో లేనివి, ఎన్నిసార్లు ఎదకొచ్చినా నిలవనివి, పొదుగువాపు వచ్చి ఒక చన్ను పోయినది, మగదూడలు, ఆ ముసలిది, ఇవి ముందు పంపేశాం. చూడి ఆవుల్ని, మొదటి రెండో ఈతలో ఉన్నవాటిని, మంచి పెయ్యల్ని ఉంచుకున్నాం, మందని మళ్ళీ నిలబెట్టేవి అవే. చూడి పరీక్ష చేయించకుండా మాత్రం ఏదీ అమ్మకండి, వట్టిది అనుకుని చూడిదాన్ని ఇచ్చేస్తే ఆ నష్టం పూడదు.

ఆగినవాళ్ళ సంగతి కూడా కళ్ళారా చూశాను. అందరి గడ్డీ ఒకేసారి అయిపోయింది, అందరూ ఒకేసారి సంతకి తోలారు, అప్పటికి డొక్కలు ఎండి పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి, కొనేవాడు చెప్పిందే ధర. అమ్మకుండా నిలబెట్టుకున్నవాళ్ళకీ తేలిగ్గా గడవలేదు, బాగా చిక్కిన ఆవు ఎదకి రాదు, ఎదకి రాకపోతే చూడి లేదు, చూడి లేకపోతే పై ఏడు దూడా లేదు పాలూ లేవు, అంటే ఒక ఏడాది కరువు రెండేళ్ళు తిన్నట్టు.

ఉంచుకున్నవాటికి ఉత్త గడ్డి వేసి సరిపెట్టొద్దండి. వరిగడ్డిలో మాంసకృత్తులు 3, 4 శాతమే ఉంటాయి, కనీసం 7 శాతం దాకా లేకపోతే కడుపులో మేతని అరిగించే సూక్ష్మజీవులు పనిచేయవు, పొట్ట నిండుగా కనిపిస్తుంది గానీ ఒళ్ళు కరిగిపోతుంది. మేము 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్ళలో పూర్తిగా కరిగించి పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి దూరకుండా పట్టా కప్పి మూడు వారాలు ఉంచాం. తీశాక ఘాటు పోయేదాకా కాసేపు ఆరబెట్టి, కొంచెం కొంచెంగా అలవాటు చేశాం. ఆరు నెలల లోపు దూడలకి ఇది అసలు పెట్టకండి, యూరియా నీళ్ళు ఏ పశువు నోటికీ అందనివ్వకండి, ప్రాణం పోతుంది.

అలాగే వాన లేక గిడసబారిన లేత జొన్న, కోసిన మోడు నుంచి వచ్చిన పిలకలు చూసి ఆశపడి పశువుల్ని వదలొద్దు, నాము, అంటే అలాంటి జొన్నలో ఉండే విషం, తగిలితే నిమిషాల్లో పడిపోతాయి. పూత వచ్చాక కోసి బాగా ఎండబెట్టి వేస్తే ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

అమ్మగా వచ్చిన డబ్బులోంచి ముందు మిగిలినవాటి దాణాకి, గడ్డికి తీసేయండి, అదీ ధర ఇంకా పెరక్కముందే కొనేయండి. మిగతాది వేరే ఖర్చుల్లో కలిసిపోకుండా విడిగా పెట్టుకోండి, వానలు పడగానే అందరూ పశువుల కోసం ఎగబడతారు, అప్పుడు ధర దిగేదాకా ఆగి ఒకటో రెండో మంచి చూడి పెయ్యల్ని కొనుక్కోవడానికి అది చేతిలో ఉండాలి.