ముందు పాప రాసిన కాగితం, తర్వాతే నా సలహా

ప్రశ్న: మాది పుత్తూరు దగ్గర పల్లె. మా పాప ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. ఈఏపీసెట్‌లో (పాత ఎంసెట్) మంచి ర్యాంకు రాలేదు. ఇంజనీరింగ్ మేనేజ్‌మెంట్ కోటాలో ఏఐ-ఎంఎల్ (ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్, మెషీన్ లెర్నింగ్) బ్రాంచి తీసుకోమని బెంగళూరులో ఉండే బావమరిది అంటున్నాడు. ట్యూషన్ సారేమో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) మేలంటున్నారు. తిరుపతిలో డిగ్రీ చాలని మా అన్న. అవసరమైతే అర ఎకరం మామిడితోట అమ్ముతాను. ఎవరి మాట వినాలి?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ. బావమరిది మాట ఉంది, సారు మాట ఉంది, అన్న మాట ఉంది. పాప ఏమంటోందో ఒక్క ముక్క లేదు. తోట అమ్మడానికి సిద్ధపడ్డ మీరు, పాపను పక్కన కూర్చోబెట్టుకుని ఒక గంట అడగడానికి ఎందుకు సిద్ధపడలేదు? కోపంగానే అడుగుతున్నాను.

రిజల్ట్స్ వచ్చాక నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు చాలామంది ముగ్గురిని అడిగేసి నాలుగో మాట కోసం వస్తారు. నేను చెప్పింది ఐదో మనిషి నోరు తెరిచేదాకే నిలుస్తుంది. మనకంటూ ఒక ప్లాన్ లేనప్పుడు ఎవరి సలహాను దేనితో సరిచూసుకుంటాం? కొలతలు ఇవ్వకుండా గుడ్డ ఇస్తే దర్జీ మాత్రం ఏం కుడతాడు?

ఒకసారి శ్రీకాళహస్తి నుంచి ఇంటర్ రెండో ఏడాది అమ్మాయి వచ్చింది. చేతిలో లాంగ్ నోట్‌బుక్ నుంచి చింపిన సగం కాగితం. 'ఫిజిక్స్ ఇష్టం. హాస్టల్లో ఉండగలను. నాన్న అప్పు చేయకూడదు' అని రాసుంది. కింద 'ఇంజనీరింగ్' అని రాసి, కొట్టేసి, మళ్లీ రాసింది. ఆ కొట్టివేత గురించే అరగంట మాట్లాడుకున్నాం. తిరుపతిలోనే 2015 నుంచి ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఉందని, అక్కడి అయిదేళ్ల బీఎస్-ఎంఎస్ సైన్స్ కోర్సుకు వాళ్లదే వేరే పరీక్ష ఉంటుందని ఆమెకు తెలీదు. ఆ కాగితం చూశాకే నాకా పేరు తట్టింది.

ఇక ఏఐ-ఎంఎల్. నా అనుమానాలు దాచుకోను. పేరు కొత్తదే గానీ మొదటి రెండేళ్లు పిల్లలు చదివేది చాలావరకు మామూలు సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) పాఠాలే. ఆ తర్వాత వచ్చే సబ్జెక్టులకు లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ గట్టిగా రావాలి. వాటిని బాగా చెప్పే లెక్చరర్లు ఆ కాలేజీలో ఎందరున్నారో మీ బావమరిది కనుక్కున్నాడా? మీరైనా వెళ్లి అక్కడి సీనియర్లను అడిగారా? బోర్డు మీద బ్రాంచి పేరు మార్చడం తేలిక, చెప్పేవాళ్లు దొరకడం కష్టం. పాపకు మ్యాథ్స్ మీద మనసుంటే మామూలు సీఎస్‌ఈ చదివి కూడా ఆ పనిలోకి వెళ్లొచ్చు. లేకపోతే తోట పోతుంది, రెండో ఏడాదికల్లా బ్యాక్‌లాగ్‌ల (తప్పిన సబ్జెక్టుల) టెన్షన్ మొదలవుతుంది.

ఈసీఈ సంగతి పాపకు ఫిజిక్స్ ఎంత ఇష్టమో తెలిశాక మాట్లాడదాం. డిగ్రీ అంటే చిన్నచూపు వద్దు. 1954 నాటి ఎస్వీ యూనివర్సిటీ, ఆడపిల్లల కోసమే 1983లో పెట్టిన పద్మావతి మహిళా యూనివర్సిటీ మీకు బస్సు దూరంలోనే ఉన్నాయి. డిగ్రీ అయ్యాక ఐసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎంసీఏలో (కంప్యూటర్ పీజీ) చేరిన పిల్లలు సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నారు. ర్యాంకు తగ్గినంత మాత్రాన పాప బతుకు ఆగిపోదు, ధైర్యంగా ఉండండి.

ఈ ఆదివారం టీవీ ఆపి పెన్ను పాప చేతికివ్వండి. ఎవరూ చెప్పకుండానే తను తెరిచే పుస్తకం ఏది, ఎంత దూరం వెళ్లగలదు, అనుకున్నది రాకపోతే ఏం చేస్తుంది, ఇవన్నీ తనే రాయాలి. తోట జోలికి వెళ్లకుండా ఏడాదికి ఎంత కట్టగలరో ఆ ఒక్క లైను మీరు రాయండి.

తర్వాత ఇద్దరూ రండి. మీరు కాసేపు బయట కూర్చుంటే, ముందు పాపతో మాట్లాడతాను.